బీటాక్యామ్ బొమ్మ పది సెకన్లకోసారి పక్కకు దూకుతోంది. టేపు పోయిందా, డెక్ పోయిందా?

పొగతోట స్టూడియో | నెల్లూరు | సోమవారం రాత్రి 10:20

అందరికీ నమస్కారం. పొగతోటలో మాకు చిన్న స్టూడియో ఉంది. నాన్న పెళ్లిళ్లు తీసేవాడు. నేను అలాంటి పాత టేపుల్ని హార్డ్ డిస్కులోకి ఎక్కించి బతుకుతున్నాను. వీహెచ్‌ఎస్ వరకు ఎలాగో నెట్టుకొచ్చాను కానీ, ఇప్పుడు నా తాహతుకు మించిన పని ఒప్పుకుని కూర్చున్నాను.

కలిగిరి వైపు నుంచి ఒక రిటైర్డ్ టీచరమ్మ పద్దెనిమిది టేపులు గుడ్డసంచిలో వేసుకుని వచ్చారు. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా అంగళ్ల మీద తిరగబడ్డప్పుడు ఆమె పక్క ఊళ్లో అక్షర దీపం రాత్రిబడిలో చదువు చెప్పేవారట. డాక్యుమెంటరీ తీయడానికి వచ్చినవాళ్లు వెళ్తూ వెళ్తూ కాపీలు ఇచ్చి పోయారు. అప్పట్నుంచి బీరువాలో చీరల కింద ఉన్నాయి. ఏడు బీటాక్యామ్ ఎస్పీ (టీవీ వాళ్లు వాడిన రకం), పదకొండు ఎస్-వీహెచ్‌ఎస్ (వీహెచ్‌ఎస్‌లోనే మెరుగైన రకం).

వీటి కోసమే రెండు పాత సోనీ యూవీడబ్ల్యూ-1800పి డెక్కులు కొన్నాను. మూతపడిన ఒక ఎడిట్ సూట్ సామాను అది. డెక్కుల టైమింగ్ కలిపే సిగ్నల్ ఇచ్చే పెట్టె, బ్లాక్ బర్స్ట్ జనరేటర్ కూడా దాంతోపాటే వచ్చింది. దాని నుంచి మొదటి డెక్ రిఫరెన్స్‌కు (ఆ సిగ్నల్ తీసుకునే సాకెట్), అక్కడ టీ కనెక్టర్ పెట్టి రెండో డెక్‌కు, చివర్లో టెర్మినేటర్ (వైరు చివర బిగించే రెసిస్టర్ మూత). ఆడే డెక్ కాంపోనెంట్ అవుట్ నుంచి, బొమ్మను డిజిటల్ చేసే ఎస్‌డీఐ కన్వర్టర్‌కు, అక్కణ్ణుంచి క్యాప్చర్ కార్డుకు. ఆడియో వైరు కన్వర్టర్ దాకా అందలేదు, అందుకని నేరుగా కంప్యూటర్ సౌండ్ కార్డులో పెట్టాను.

సమస్య ఏందంటే, పది పదిహేను సెకన్లకోసారి బొమ్మ మొత్తం పక్కకు దూకి మళ్లీ చోటికి వస్తోంది. ఒక్కోసారి నిలువుగా జారిపోతుంది. క్యాప్చర్ సాఫ్ట్‌వేర్ ఫ్రేములు పోయాయని ఎర్రగా చూపిస్తోంది. ఇద్దరు మెకానిక్కులు చూశారు. ఒకాయన హెడ్డు (టేపు చదివే భాగం) పోయిందన్నాడు, ఇంకొకాయన టేపు పోయిందన్నాడు. ఆమె మళ్లీ ఆదివారం వస్తానన్నారు. ఏం చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది.


మార్కాపురం పలక | మార్కాపురం | సోమవారం రాత్రి 10:52

హెడ్డే బాబాయ్. అనుమానమే లేదు. నేను పానాసోనిక్ ఎం9000 భుజాన మోసిన కాలం నుంచి చూస్తున్నా. బొమ్మ తేడా వస్తే హెడ్డు, డబ్బులు రాకపోతే పెళ్లికొడుకు తండ్రి. క్లీనింగ్ క్యాసెట్ నాలుగుసార్లు తిప్పు, అదే దారికొస్తుంది.


సీఆర్‌ఓ మాస్టారు | ఒంగోలు | సోమవారం రాత్రి 11:15

పలక గారూ, దయచేసి ఆగండి. క్లీనింగ్ క్యాసెట్ అంటే హెడ్డు మీద గరుకు కాగితం రుద్దడం లాంటిదే. నాలుగుసార్లు తిప్పితే బాగున్న హెడ్డు కూడా అరుగుతుంది.

స్టూడియో బాబూ, స్క్రూడ్రైవర్ పక్కన పెట్టు. ముందు టేపుల వెనక ఎర్ర ట్యాబ్ లోపలికి నొక్కి ఉందో లేదో చూడు. నొక్కితే రికార్డింగ్ పడదు. ఉన్నది ఒక్కటే కాపీ, వేలు జారి రికార్డ్ నొక్కితే ముప్పై ఏళ్లు దాచిన బొమ్మ ఒక్క నిమిషంలో పోతుంది. అది చూశాక ఈ ప్రశ్నలకు జవాబు చెప్పు.

దూకుడు టేపులో ఒకే చోట వస్తోందా? వెనక్కి తిప్పి అదే ముక్క మూడుసార్లు ఆడించు. ప్రతిసారీ అదే మాట దగ్గర, అదే మనిషి మొహం దగ్గర దూకితే లోపం టేపులో ఉన్నట్టు. ఒకసారి ఇక్కడ, ఇంకోసారి అక్కడ అయితే టేపును తిట్టుకోనక్కర్లేదు. రెండో డెక్‌లో కూడా ఇలాగే ఉందా? ఇంకో మంచి టేపు వేస్తే ఎలా ఉంది? చివరిగా, రిఫరెన్స్ వైరు పీకేసి ఆడించి చూశావా?

ఈ నాలుగు జవాబులకు పైసా ఖర్చు లేదు.


పొగతోట స్టూడియో | నెల్లూరు | మంగళవారం ఉదయం 7:40

మాస్టారూ, రాత్రి ఒంటిగంట దాకా కూర్చున్నా. ఎర్ర ట్యాబ్ ఏడింటిలో మూడింటికి నొక్కి లేదు! ఇప్పుడు అన్నీ నొక్కేశాను. ఆ ఒక్క మాటకే మీకు దణ్ణం.

దూకుడు ఒకే చోట రావడం లేదు. మూడుసార్లు ఆడిస్తే మూడు చోట్ల వచ్చింది. రెండో డెక్‌లోనూ ఇదే వరస. నా దగ్గరున్న ఇంకో బీటా టేపు వేసినా ఇదే. రిఫరెన్స్ మాత్రం తియ్యలేదు. పెద్ద స్టూడియోల్లో అది ఎప్పుడూ తగిలించే ఉంటుంది కదా, తీస్తే ఏమన్నా అవుతుందేమోనని భయం.


ఎడిట్ సూట్ | కావలి | మంగళవారం ఉదయం 9:05

తమ్ముడూ, నేను హైదరాబాదులో తొమ్మిదేళ్లు లీనియర్ ఎడిటింగ్ (టేపు నుంచి టేపుకు) చేశాను. రిఫరెన్స్ తీస్తే డెక్ పేలిపోదు, భయపడకు. రెండు డెక్కుల్లో, రెండు వేరువేరు హెడ్లు, ఒకే రోజు, ఒకే రకంగా పోవడం జరగదు. రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది నీ వైరింగే.

కానీ మాస్టారూ, నాదొక మాట. రిఫరెన్స్ ఉండటం మంచి అలవాటు. మా దగ్గర హౌస్ సింక్ (అన్ని మెషీన్లకూ కలిపి ఇచ్చే ఒకే రిఫరెన్స్) లేకుండా ఏ మెషీనూ ఆన్ చేసేవాళ్లం కాదు.


సీఆర్‌ఓ మాస్టారు | ఒంగోలు | మంగళవారం మధ్యాహ్నం 1:30

అమ్మా, మీ దగ్గర మూడు డెక్కులు, మిక్సర్, టైట్లర్ అన్నీ ఒకేసారి నడిచేవి. అక్కడ అది లేకపోతే పని జరగదు. ఈ అబ్బాయి ఆడిస్తున్నది ఒక్క డెక్.

ఒంగోలు వాడిని కాబట్టి ఎద్దుల లెక్కలోనే చెబుతాను. బండలాగుడు పందెంలో జత ఎద్దులకు అడుగు కలవాలి. ఒకటి కుడికాలు వేసేటప్పుడు ఇంకోటి ఎడమకాలు వేస్తే కాడి పక్కకు లాగుతుంది. గెన్‌లాక్ అంటే ఆ అడుగు కలపడమే. మిక్సర్‌లోకి రెండు బొమ్మలు ఒకేసారి వచ్చేటప్పుడు రెండూ ఒకే క్షణంలో లైను మొదలుపెట్టాలి, అందుకే ఇద్దరికీ ఒకే తాళం (పాటకు వేసే లయ లాంటిది) వేసే బ్లాక్ బర్స్ట్. ఒంటెద్దు బండికి ఆ బెడద లేదు. యూవీడబ్ల్యూ-1800లో టీబీసీ (లైన్ల సమయాన్ని సరిచేసే సర్క్యూట్) లోపలే ఉంటుంది. బయట తాళం లేకపోతే తన సొంత తాళంతో బొమ్మను సరిగ్గా పంపుతుంది. కన్వర్టర్ దాన్ని పట్టుకుని నడుస్తుంది.

తాళం అసలు లేకపోయినా పరవాలేదు కానీ, తప్పు తాళం ఉంటేనే ప్రమాదం. రిఫరెన్స్ వైరు తగిలించగానే డెక్ తన సొంత లెక్క వదిలేసి దాన్నే నమ్ముతుంది. ఆ సిగ్నల్ బలహీనంగా వస్తే ఒక్కోసారి పల్స్ అందుతుంది, ఒక్కోసారి అందదు. అందనప్పుడల్లా బొమ్మ దూకుతుంది. వైరు పీకి చూడు.


పొగతోట స్టూడియో | నెల్లూరు | మంగళవారం సాయంత్రం 6:10

పీకాను. నలభై నిమిషాలు ఆడింది. ఒక్కసారి కూడా దూకలేదు!!! ఒక్క ఫ్రేము పోలేదు.

నేను పదకొండు రోజులు ఆ వైరును పట్టుకుని వేలాడాను మాస్టారూ.


మార్కాపురం పలక | మార్కాపురం | మంగళవారం సాయంత్రం 6:25

సరే, హెడ్డు కాదు. ఒప్పుకుంటున్నా. కానీ నేను చెప్పింది నాలుగుసార్లు చేసి ఉంటే హెడ్డే అయ్యుండేది.


కొత్తగా చేరా | కనిగిరి | మంగళవారం రాత్రి 8:02

మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి. మా అక్క అమెరికా నుంచి 1996లో పంపిన వీహెచ్‌ఎస్ క్యాసెట్ మా ప్లేయర్‌లో బ్లాక్ అండ్ వైట్‌లో, పైకి పరిగెడుతూ కనబడుతోంది. ఇది కూడా రిఫరెన్స్ సమస్యేనా?


ఎడిట్ సూట్ | కావలి | మంగళవారం రాత్రి 8:30

కాదు, ఇది వేరే జబ్బు. అది ఎన్‌టీఎస్‌సీ టేపు, అమెరికా పద్ధతి. అక్కడ 525 లైన్లు, సెకనుకు దాదాపు 30 ఫ్రేములు. మన పాల్‌లో 625 లైన్లు, 25 ఫ్రేములు. రంగు మోసే సిగ్నల్ కూడా వాళ్లది 3.58 మెగాహెర్ట్జ్, మనది 4.43. అందుకే రంగు రాదు, బొమ్మ నిలవదు. ఎన్‌టీఎస్‌సీ కూడా ఆడే మల్టీ సిస్టమ్ ప్లేయర్ వెతుక్కోండి. ఇంకా సందేహాలుంటే వేరే చర్చ మొదలుపెట్టండి, ఇక్కడ తమ్ముడి పని నడవనివ్వండి.


సీఆర్‌ఓ మాస్టారు | ఒంగోలు | మంగళవారం రాత్రి 9:45

బాబూ, పని అయిపోయిందని నువ్వు వెళ్లిపోవచ్చు. నీ టేపులకు ఇది చాలు. కానీ ఆ తాళం ఎందుకు చెడిందో చూడకుండా వదిలితే, రేపు రెండు డెక్కులూ కలిపి ఎడిట్ చేయాల్సిన రోజున మళ్లీ ఇక్కడికే వస్తావు.

కాస్త లెక్క చెబుతాను, ఓపిక పట్టు. వీడియో వైరు 75 ఓమ్‌లది. వైరు చివర సరిగ్గా 75 ఓమ్‌లు ఉంటే సిగ్నల్ అక్కడ ఆగిపోతుంది. చివర ఏమీ లేకపోతే చెరువు కట్టకు తగిలిన అలలా వెనక్కి వస్తుంది, బొమ్మలో నీడలు పడతాయి, లెవెల్ రెట్టింపవుతుంది. చివర ఒకటుండి, మధ్యలో ఇంకోటి ఉంటే? కావలి కాలువ రైతును అడుగు. పైన ఎవడో ఇంకో తూము తెరిస్తే చివరి ఆయకట్టుకు నీళ్లెలా తగ్గుతాయో, లెవెల్ అలా పడిపోతుంది. మంచి బ్లాక్ బర్స్ట్‌లో సింక్ (లైను మొదలని చెప్పే పల్స్) లోతు 300 మిల్లీవోల్టులు. రెండు చోట్ల 75 పెడితే అది 200కు పడిపోతుంది.

డెక్ వెనక రిఫరెన్స్ సాకెట్ దగ్గర 75 ఓమ్ స్విచ్ ఉంటుంది. వరసలో ఆఖరిది తప్ప మిగతా అన్నిచోట్లా అది ఆఫ్‌లో ఉండాలి. ఆఖరి దగ్గర ఆ స్విచ్ గానీ, నువ్వు పెట్టిన టెర్మినేటర్ గానీ ఏదో ఒకటే పని చేయాలి, రెండూ కాదు. మొదటి డెక్ స్విచ్ ఎలా ఉందో చూడు.


పొగతోట స్టూడియో | నెల్లూరు | మంగళవారం రాత్రి 10:30

మొదటి డెక్ ఆన్‌లో ఉంది! రెండోది ఆఫ్, దాని వెనక టెర్మినేటర్. మొదటిది ఆఫ్ చేసి రిఫరెన్స్ మళ్లీ తగిలించాను. చాలా తగ్గింది. కానీ పూర్తిగా పోలేదు. నాలుగైదు నిమిషాలకోసారి ఇంకా ఒక ఉలికిపాటు వస్తోంది.


కేబుల్ కుర్రోడు | సింగరాయకొండ | మంగళవారం రాత్రి 11:05

అన్నా, బీఎన్‌సీ (వీడియో వైరు చివర మెలిపెట్టే కనెక్టర్) పిన్నులు చూసుకున్నావా? మా ఊరు సముద్రానికి దగ్గర. ఉప్పుగాలికి పిన్ను మీద పచ్చగా చిలుము పట్టి సగం సిగ్నల్ తినేస్తుంది. పైకి బాగానే ఉంటుంది, మెలిపెడితే ఒక క్షణం వస్తుంది, ఒక క్షణం పోతుంది. మీకు మైపాడు గాలి తగులుతూనే ఉంటుంది కదా.

ఇంకోటి. బొమ్మలో అడ్డంగా మసక పట్టీ మెల్లగా పైకి పాకుతోందా? అది ఉంటే ఎర్త్ గొడవ. డెక్‌కు ఒక సాకెట్టు, కంప్యూటర్‌కు వేరే గదిలోని సాకెట్టు పెడితే ఆ పట్టీ వస్తుంది. కరెంటు 50 హెర్ట్జ్, మన ఫీల్డులు (ఒక్కో ఫ్రేములో రెండు సగాలు) కూడా 50, ఆ రెంటి మధ్య ఉన్న కొంచెం తేడాతో అది పాకుతుంది. అన్నీ ఒకే బోర్డు మీద పెట్టు. కొందరు ఎర్త్ పిన్ను విరగ్గొట్టి ప్లగ్గు పెడతారు, ఆ పని మాత్రం చెయ్యొద్దన్నా. షాక్ కొడితే బొమ్మ చూసేవాడు ఉండడు.


పొగతోట స్టూడియో | నెల్లూరు | బుధవారం ఉదయం 8:15

పట్టీ ఏమీ లేదు తమ్ముడూ. అన్నీ ఒకే స్టెబిలైజర్ మీద ఉన్నాయి. పిన్నులు శుభ్రం చేశాను, కాస్త చిలుము ఉన్న మాట నిజమే. కానీ ఉలికిపాటు పోలేదు.


సీఆర్‌ఓ మాస్టారు | ఒంగోలు | బుధవారం ఉదయం 8:40

మల్టీమీటర్ ఉందా? టెర్మినేటర్ విప్పి, మధ్య పిన్నుకు, బయటి ఇనుముకు మధ్య ఓమ్‌లు కొలువు. ఎంత చూపిస్తుందో రాయి. నేను ఊహిస్తున్న అంకె ఒకటుంది, నువ్వు కొలిచాకే చెబుతాను.


పొగతోట స్టూడియో | నెల్లూరు | బుధవారం ఉదయం 9:02

49.8


సీఆర్‌ఓ మాస్టారు | ఒంగోలు | బుధవారం ఉదయం 9:06

అదే. నేను 50 అనుకున్నాను. ఆ టెర్మినేటర్ ఎక్కడ కొన్నావు?


పొగతోట స్టూడియో | నెల్లూరు | బుధవారం ఉదయం 9:11

పాత సామాన్ల కొట్లో. ఒక సంచి నిండా టీ కనెక్టర్లు, టెర్మినేటర్లు, రెడీమేడ్ వైర్లు కలిపి ఇచ్చాడు. బీఎన్‌సీ అంటే బీఎన్‌సీయే కదా అనుకున్నా.


కేబుల్ కుర్రోడు | సింగరాయకొండ | బుధవారం ఉదయం 9:20

హహ్హహ్హ! అన్నా అవి వీడియోవి కావు. ఏదో పాత కంప్యూటర్ సెంటర్ సామాను. ఇప్పుడున్న నీలం లాన్ వైర్లు రాకముందు కంప్యూటర్లను ఇలాగే బీఎన్‌సీ టీలతో వరసగా కలిపేవాళ్లు, రెండు చివర్లా 50 ఓమ్ టెర్మినేటర్ బిగించేవాళ్లు. వైరు మీద అక్షరాలు చూడు. ఆర్‌జీ-58 అని ఉంటే 50 ఓమ్‌లది. వీడియోకు కావాల్సింది ఆర్‌జీ-59, 75 ఓమ్‌లు. చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి, పక్కపక్కన పెడితే 58 కాస్త సన్నం.


పొగతోట స్టూడియో | నెల్లూరు | బుధవారం ఉదయం 9:34

రెండు వైర్ల మీదా ఆర్‌జీ-58. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.


సీఆర్‌ఓ మాస్టారు | ఒంగోలు | బుధవారం మధ్యాహ్నం 12:50

సిగ్గుపడాల్సిందేమీ లేదు. పాలిటెక్నిక్‌లో నేను చదువు చెప్పిన రోజుల్లో ల్యాబ్‌లో ఇదే పొరపాటు ఏటా జరిగేది.

ఇప్పుడు నీ కథ మొత్తం లెక్కకు వస్తుంది. జనరేటర్ లోపల 75 ఓమ్‌లు ఉంటాయి. ఏ లోడూ లేకపోతే సింక్ 600 మిల్లీవోల్టులు. మొదట్లో నీ వరసలో 75, 50 పక్కపక్కన ఉన్నాయి. రెండూ కలిస్తే 30 ఓమ్‌లు. 600ని 105తో భాగించి 30తో హెచ్చిస్తే 171 వస్తుంది. 300 ఉండాల్సిన చోట 171! పది సెకన్లకోసారి దూకింది అందుకే. మొదటి స్విచ్ ఆఫ్ చేశాక 50 ఒక్కటే మిగిలింది, సింక్ 240 అయింది. చాలావరకు సరిపోతుంది కానీ, వైరు కూడా తప్పుది కావడంతో అలలు తిరిగొస్తుంటాయి. అందుకే నాలుగు నిమిషాలకోసారి ఉలికిపాటు.

శుక్రవారం నాకు నెల్లూరులో పని ఉంది. పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో దిగుతాను. చేతిసంచిలో పట్టే చిన్న సీఆర్‌ఓ (సిగ్నల్‌ను తెర మీద గీతగా చూపే ఆసిలోస్కోప్) ఉంది, తెస్తాను. కాగితం మీద లెక్క కంటే కళ్లతో చూస్తే నీకు గుర్తుంటుంది.


ఎడిట్ సూట్ | కావలి | బుధవారం రాత్రి 9:15

మాస్టారూ, మొన్న రిఫరెన్స్ తియ్యొద్దు అన్నట్టు మాట్లాడాను. ఈ తమ్ముడి విషయంలో మీరన్నదే రైటు. మా సూట్‌లో ఇంజినీరు వైర్లన్నీ కట్టి పెట్టేవాడు, మేము స్విచ్ వేసుకోవడమే. ఆయన వెనక ఎంత లెక్క చూసుకునేవాడో ఇప్పుడు తెలుస్తోంది.

వైర్ల పొడవు గురించి కూడా తమ్ముడికి చెప్పండి. మీటరు వైరుకు 5 నానోసెకన్లు ఆలస్యం అవుతుందని ఆయన మమ్మల్ని ఎప్పుడూ విసిగించేవాడు.


సీఆర్‌ఓ మాస్టారు | ఒంగోలు | బుధవారం రాత్రి 9:50

నిజమేనమ్మా. పాల్ రంగు సిగ్నల్ ఒక చుట్టు తిరగడానికి పట్టేది సుమారు 225 నానోసెకన్లు. పది మీటర్ల వైరు అంటే 50 నానోసెకన్లు, రంగు చక్రంలో దాదాపు 80 డిగ్రీలు. అనలాగ్ మిక్సర్‌లో రెండు డెక్కులు కలిపేటప్పుడు ఒక దాంట్లో మనిషి మామూలుగా, ఇంకో దాంట్లో రంగు పాలిపోయి కనిపించడానికి అదో కారణం. అందుకే డెక్‌లో హెచ్ ఫేజ్, సబ్‌క్యారియర్ ఫేజ్ సర్దుబాట్లు ఇస్తారు. ఈ అబ్బాయికి మాత్రం ఇప్పుడు అది అక్కర్లేదు. తెలిస్తే కదిలిస్తాడు, తెలియకపోతేనే నయం.


పొగతోట స్టూడియో | నెల్లూరు | శుక్రవారం రాత్రి 9:30

మాస్టారు వచ్చి వెళ్లారు. మధ్యాహ్నం రెండు నుంచి ఆరున్నర దాకా ఉన్నారు, కాఫీ తప్ప ఏమీ తీసుకోలేదు.

సీఆర్‌ఓ పెట్టి ముందు పాత సెట్టింగే మళ్లీ పెట్టమన్నారు. తప్పును తిరిగి తెప్పించగలిగితేనే దాన్ని పట్టుకున్నట్టు అన్నారు. తెర మీద 170 దగ్గర. స్విచ్ ఆఫ్ చేస్తే 240. అప్పుడు ట్రంక్ రోడ్డులో కొన్న కొత్త ఆర్‌జీ-59 వైర్లు, 75 ఓమ్ టెర్మినేటర్ పెట్టాం. 300, గీత గీసినట్టు. కాగితం మీద ఏం రాశారో తెర మీద అదే వచ్చింది. నాకు ఒళ్లు జలదరించింది. రిఫరెన్స్ తగిలించే గంట ఆడించాం, బొమ్మ కదల్లేదు.

టేపు గురించి కూడా చెప్పాలి. చీకట్లో పెట్రోమాక్స్ లైటు కింద పాతిక మంది ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. పలకల మీద రాస్తున్నారు. తర్వాత ఒకామె లేచి, సారా వేలంపాట వాళ్లను ఊళ్లోకి రానివ్వబోమని మాట్లాడుతుంది. మాస్టారు కాసేపు సీఆర్‌ఓ ఆఫ్ చేసి చూస్తూ ఉండిపోయారు. 1993 అక్టోబర్ 1న సారా నిషేధం వచ్చినరోజు ఒంగోలులో ఎక్కడున్నారో చెప్పారు.

కానీ ఇంకో సమస్య బయటపడింది. అదే టేపులో మొదట్లో మాట, పెదవులు కలుస్తున్నాయి. గంట ఫైలు చివరికొచ్చేసరికి మాట వెనకబడుతోంది. నాలుగైదు ఫ్రేముల తేడా.


ఎడిట్ సూట్ | కావలి | శుక్రవారం రాత్రి 9:58

నీ మొదటి పోస్టు మళ్లీ చదువు తమ్ముడూ. ఆడియో సౌండ్ కార్డుకు ఇచ్చానన్నావు. వీడియోను లెక్కపెట్టేది క్యాప్చర్ కార్డు గడియారం, ఆడియోను లెక్కపెట్టేది సౌండ్ కార్డు గడియారం. రెండు గడియారాలు ఎప్పుడూ సరిగ్గా ఒకేలా నడవవు. పది లక్షల్లో యాభై వంతుల తేడా ఉందనుకో, గంటకు 0.18 సెకను, అంటే నాలుగున్నర ఫ్రేములు. నువ్వు చెప్పిన లెక్కే.

మొదట్లో కలిసి, పోనుపోను విడిపోతుంటే గడియారాల గొడవ. మొదటి నుంచీ ఒకే తేడా ఉంటే వట్టి ఆలస్యం, దాన్ని జరిపితే సరిపోతుంది. ఈ రెండింటినీ కలగలుపుకోకు. పొడుగు ఆడియో వైరు కొని కన్వర్టర్‌లోకే ఇవ్వు, ఎస్‌డీఐలో బొమ్మతోపాటే మాటా వెళ్తుంది. వంద రూపాయల వైరుకు చూసుకుని గంటలు పాడుచేసుకున్నావు.


పొగతోట స్టూడియో | నెల్లూరు | శనివారం మధ్యాహ్నం 3:20

అక్కా, పెట్టాను. గంట తర్వాత కూడా కలిసే ఉంది. ఏడు బీటా టేపుల్లో ఐదు ఎక్కించేశాను. ఆడించే ముందు ఒక్కోదాన్ని చివరిదాకా ముందుకు, మళ్లీ వెనక్కి తిప్పాను, అది మాస్టారు చెప్పారు. ఏళ్లతరబడి కదలని టేపు చుట్టలు సర్దుకుంటాయట.

ఇక ఎస్-వీహెచ్‌ఎస్ మొదలుపెట్టాను. ఇది ఇంకో తలనొప్పి. బొమ్మ పైభాగం జెండా ఊగినట్టు పక్కకు వంగుతోంది. నిలువు గీతలు, తలుపు అంచులు వణుకుతున్నాయి. ఈ డెక్‌లో టీబీసీ లేదు, రిఫరెన్స్ కూడా తగిలించలేదు. నాన్న పాత ట్యూబ్ టీవీలో పెడితే మాత్రం దాదాపు బాగానే ఉంది!


సీఆర్‌ఓ మాస్టారు | ఒంగోలు | శనివారం సాయంత్రం 5:10

ఇది మొదటి జబ్బు కాదు. ఈసారి నిజంగానే టేపు, డెక్ కలిసి చేస్తున్న పని.

వీహెచ్‌ఎస్‌లో హెడ్ల డ్రమ్ము నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంది. ఒక హెడ్డు నుంచి ఇంకో హెడ్డుకు మారడం ఫీల్డు చివర, నిలువు సింక్‌కు ఆరేడు లైన్ల ముందు జరుగుతుంది. టేపు ముప్పై ఏళ్లలో కాస్త సాగినా, కుంచించుకున్నా, ఈ డెక్ బిగువు రికార్డు చేసిన డెక్ బిగువుతో కలవకపోయినా, ఆ మారే చోట లైను రావాల్సిన సమయంలో చిన్న మెట్టు పడుతుంది. ట్యూబ్ టీవీ దాన్ని కొన్ని లైన్లలో సర్దుకుంటుంది. ఆ సర్దుకునే లైన్లే పైన వంపుగా కనిపిస్తాయి. వీసీఆర్ పెట్టే ఏవీ చానల్‌లో తొందరగా సర్దుకునేలా చేసేవారు కూడా. డిజిటల్ కార్డుకు అంత ఓర్పు ఉండదు. సెకనుకు కోటీ ముప్పై అయిదు లక్షల ముక్కలుగా కోస్తుంది. లైను ఒక్క మైక్రోసెకను ఆలస్యంగా వస్తే బొమ్మ పదమూడున్నర పిక్సెళ్లు పక్కకు పోతుంది.

దీనికి కావాల్సింది ప్రతి లైనునూ విడిగా సర్దే లైన్ టీబీసీ. ఫ్రేమ్ సింక్రొనైజర్ వేరే వస్తువు. అది మొత్తం ఫ్రేమును దాచి సమయానికి వదులుతుంది, ఫ్రేములు పోకుండా కాపాడుతుంది. వంగిన బొమ్మను వంగినట్టే, చాలా క్రమశిక్షణగా పంపిస్తుంది. జనం రెంటినీ టీబీసీ అనే అంటారు, అమ్మేవాళ్లయితే మరీనూ. మిక్సర్‌లో ఫ్రేమ్ సింక్ ఉంది కదా అని ఎవరో ఒకరు అంటారు, అందుకే ముందే చెబుతున్నాను.


మార్కాపురం పలక | మార్కాపురం | శనివారం సాయంత్రం 5:40

ఆ ఎవరో ఒకరు నేనే. పానాసోనిక్ మిక్సర్ అనబోతున్నా, టైపు చేసింది తుడిపేశా.

కానీ ఈసారి నా దగ్గర పనికొచ్చే మాట ఉంది. పానాసోనిక్ డీవీడీ రికార్డర్లు, డీఎంఆర్-ఈఎస్10, ఈఎస్15. డిస్కు వెయ్యనక్కర్లేదు, రికార్డు చెయ్యనక్కర్లేదు. ఎస్-వీహెచ్‌ఎస్ బొమ్మ దాంట్లోకి ఇచ్చి, దాని అవుట్‌ను కన్వర్టర్‌కు ఇస్తే పైన ఊగే జెండా నిటారుగా నిలబడుతుంది. పాత పెళ్లి టేపులన్నీ నేను ఇలాగే లాక్కొచ్చా. బొమ్మ కాస్త మెత్తబడుతుంది, అది మాత్రం ఒప్పుకోవాలి.


సీఆర్‌ఓ మాస్టారు | ఒంగోలు | శనివారం సాయంత్రం 5:55

పలక గారూ, ఇది మంచి సలహా. ఖరీదైన టీబీసీ దొరకని మన ఊళ్లకు ఇదే దారి. లెవెల్ మాత్రం చూసుకోవాలి బాబూ, తెల్లటి చోట్లు కాలిపోయినట్టు కనిపిస్తే ఒకసారి సర్దుకో. అలాగే బొమ్మ అడుగున నాలుగైదు లైన్లు చిందరవందరగా ఉంటాయి. అది హెడ్డు మారే చోటు, వీహెచ్‌ఎస్ పుట్టుమచ్చ. దాన్ని బాగుచేస్తానని డెక్ మూత తియ్యకు.


పొగతోట స్టూడియో | నెల్లూరు | శనివారం రాత్రి 8:45

ఈఎస్15 కోసం నెల్లూరులో నాలుగు కొట్లు తిరిగాను. ఒకడు డీవీడీ ప్లేయర్ చూపించి ఇదే అదే అన్నాడు. ఈసారి మోసపోలేదు, వెనక ఇన్‌పుట్ సాకెట్లు ఉన్నాయా అని అడిగా.


మార్కాపురం పలక | మార్కాపురం | శనివారం రాత్రి 9:10

నా దగ్గర రెండున్నాయి, ఒకటి పని చేస్తుంది. బుధవారం మాగుంట లేఅవుట్‌లో పెళ్లికి వస్తున్నా. తెచ్చి ఇస్తా, పదకొండు టేపులయ్యాక పంపించెయ్. అద్దె వద్దు. చేపల పులుసు పెడతానని మాత్రం అనకు, నెల్లూరొస్తే ప్రతివాడూ అదే పెడతాడు. నాకు మలై కాజా అరకిలో చాలు.


పొగతోట స్టూడియో | నెల్లూరు | ఆదివారం రాత్రి 10:05

టీచరమ్మ వచ్చారు. ఆడుతున్నది ఎనిమిదో నిమిషంలో ఆపమన్నారు. ముందు వరసలో, పలక ఒళ్లో పెట్టుకుని, కొంగు పళ్ల మధ్య పట్టుకున్న మనిషిని చూపించి పేరు చెప్పారు. మళ్లీ వెనక్కి తిప్పమన్నారు. నాలుగుసార్లు తిప్పించారు. బొమ్మ ఒక్కసారి కూడా కదల్లేదు.

పలక అన్నా, అరకిలో కాదు, కిలో. బుధవారం ఎన్నింటికి వస్తావో చెప్పు, ముహూర్తం రాత్రా పగలా?


మార్కాపురం పలక | మార్కాపురం | ఆదివారం రాత్రి 10:21

తెల్లవారుజామున 4:12కి. ఆరున్నరకల్లా మీ కొట్టు ముందుంటా, షట్టర్ తీసి పెట్టు.